కావలసింది టైమ్, ఇచ్చింది టైమ్

ఆఫీసులో ఆవిడని అందరూ కామాలక్క అనేవాళ్లు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలియనట్టే ఉండేది. పదమూడేళ్లుగా ఆవిడ చేస్తున్న పని అలాంటిది మరి. ఆ కంపెనీ ఒక కంపైలర్ తయారుచేసి అమ్మేది. మనుషులు రాసిన ప్రోగ్రాముని మిషన్‌కి ఎక్కే భాషలోకి మార్చేదే కంపైలర్. మార్చబోయే ముందు అది ప్రతి వాక్యాన్నీ చదువుతుంది. ఎక్కడైనా తేడా కనిపిస్తే ఆగిపోయి, ఇదిగో ఇక్కడ తప్పుంది అని ఒక సందేశం చూపిస్తుంది. ఆ సందేశాలు రాయడం, దిద్దడం, కామా ఎక్కడ పడాలో చుక్క ఎక్కడ పడాలో చూడడం ఆవిడ ఉద్యోగం.

ఆ ఉద్యోగానికి మర్యాద లేదు. కంపైలర్‌ని రెండు రెట్లు వేగంగా పరిగెత్తించిన కుర్రాళ్లకి మీటింగు హాల్లో చప్పట్లు కొట్టేవాళ్లు. ఈవిడకి ప్రింటరు పక్కన బల్ల ఇచ్చారు. అది నడిచినప్పుడల్లా బల్ల వణికేది, అందుకని కప్పు సగానికి మించి నింపుకునేది కాదు. అయినా పనిని మాత్రం ప్రాణంగా చేసేది. "తప్పు చేసినవాడు ముందే కంగారులో ఉంటాడు. వాడితో మాట తిన్నగా మాట్లాడాలి," అనేది. వినేవాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు.

ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయిన విషయం ఒకటుంది. అదేమిటో ముందే చెప్పుకోవాలి.

ప్రోగ్రాములో ప్రతి అంకెకీ అదేమిటో చెప్పే పేరొకటి ఉంటుంది. ఇది బరువు, ఇది దూరం, ఇది టైమ్ అని. దాన్ని టైప్ అంటారు. బరువు కావలసిన చోట దూరం పెడితే కంపైలర్ ససేమిరా అంటుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒకే ప్రోగ్రాములోకి పదిమంది రాసిన ముక్కలు వచ్చి చేరతాయి. ఒకళ్ల ముక్కలో టైమ్ అనే టైప్ ఉంటుంది, ఇంకొకళ్ల ముక్కలోనూ టైమే ఉంటుంది. పేరొకటే, మనుషులు వేరు. ఒకే తరగతిలో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే టీచరు ఇంటిపేరుతో పిలిచినట్టు, కంపైలర్ కూడా లోపల్లోపల వాటిని ఇంటిపేర్లతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఏ ముక్కలోంచి వచ్చిందో ఆ ముక్క పేరే దాని ఇంటిపేరు.

మొదట్లో సందేశాల్లో ఆ ఇంటిపేర్లన్నీ పడేవి. తాతముత్తాతలతో సహా పడేవి. ఒక్కో సందేశం నాలుగు వరసలు సాగేది. కొనుక్కున్నవాళ్లు గోల పెట్టారు. అప్పుడే కొత్తగా వచ్చిన మేనేజరు, వయసులో ఆవిడకంటే ఆరేళ్లు చిన్నవాడు, ఒక్క మాటలో తేల్చేశాడు: "ఇంటిపేర్లు తీసేయండి. ఉత్త పేర్లు చాలు."

"అన్నీ తీసేస్తే ఎలా సార్? రెండు పేర్లూ ఒకటే అయినప్పుడు ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"అలాంటివి ఎన్నొస్తాయండీ, లక్షకొకటి."

తీసేశారు. లక్షకొకటి వచ్చినప్పుడు కంపైలర్ ఏం చెప్పేదంటే: "ఇక్కడ కావలసింది టైమ్. మీరు ఇచ్చింది టైమ్. ఇది కుదరదు." చదివినవాడికి పిచ్చెక్కాల్సిందే.

కామాలక్క నాలుగు రోజులు కూర్చుని దానికి మందు రాసింది. పద్నాలుగు లైన్లు. మామూలుగా ఉత్త పేర్లే చూపిస్తుంది, ఒకే సందేశంలో రెండు వేరే టైపులకి ఒకే పేరు వచ్చినప్పుడు మాత్రం ఆ రెండింటికీ ఇంటిపేరు తగిలిస్తుంది. అంతే. దాంతోపాటు ఒక రిపోర్టు కూడా పెట్టింది. అందులో ఉన్న మూడో పేరా ఇది: "ఈ సందేశం చూసినవాళ్లు తప్పు తమది కాదు, కంపైలర్‌దే అనుకుంటారు. అనుకుని బలవంతపు మార్పిడి పెట్టి దాటిపోతారు. ఆ రెండు టైపులూ వేరే కొలతల్లో ఉంటే ప్రమాదం జరుగుతుంది."

బలవంతపు మార్పిడి అంటే, 'నేను చూసుకుంటాను, నువ్వు నోరు మూసుకో' అని కంపైలర్‌కి చెప్పే మాట. ఆ మాట రాస్తే ఇక అది కిమ్మనదు.

మేనేజరు రిపోర్టు చదివాడు. "చాలా బాగుంది అక్కగారూ," అన్నాడు. ఏదైనా కాదనబోయేటప్పుడే ఆయన అక్కగారూ అనేవాడు. "కానీ ఇది అందచందాల విషయం. మనమిప్పుడు వేగం మీద ఉన్నాం. తరవాత చూద్దాం." రిపోర్టు మీద 'వాయిదా' అని పడింది. కొత్త వెర్షన్ బయటికి వెళ్లే ప్రతిసారీ ఆవిడ గుర్తుచేసింది. మూడేళ్లలో ఏడుసార్లు. ఏడోసారి ఆయన మెయిలుకి జవాబు కూడా ఇవ్వలేదు, బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

ఆవిడకి ఒక చెల్లెలు. తొమ్మిదేళ్లు చిన్నది, నాలుగంగుళాలు పొట్టి. అందుకని ఇంట్లో దాని పేరే పొట్టి అయిపోయింది. అమ్మ పోయాక అక్కే దాన్ని చదివించింది. ప్రోగ్రాములు రాయడం నేర్పిందీ అక్కే, ఈ దారిలోకి లాక్కొచ్చిందీ అక్కే. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు: మూడో అంతస్తులో రెండు గదులు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటులేని వంటిల్లు. పొట్టి బస్సుల తలుపులు తయారుచేసే కంపెనీలో పని చేసేది. తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత బలంతో మూసుకోవాలి, మధ్యలో ఏదైనా అడ్డొస్తే ఎంతసేపట్లో వెనక్కి పోవాలి, ఇవన్నీ ప్రోగ్రాములే. వాళ్లు వాడేది అక్కావాళ్ల కంపైలరే.

"మీ కంపైలర్ ఇవాళ నన్ను నాలుగుసార్లు తిట్టిందక్కా," అనేది ఇంటికొచ్చి.

"తిట్టదే, చెబుతుంది. ఆ చెప్పేది కూడా నేనేగా."

"అందుకే అంత నస."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అలా సాగిపోయేది.

ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి పొట్టి ఫోన్ చేసింది. కామాలక్క అప్పుడు మీటింగు హాలు తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపల మేనేజరూ ఇంకో నలుగురూ కూర్చున్నారు. సందేశాల్లో తప్పుని ఏ రంగులో చూపించాలి, ఎరుపా నారింజా అన్నది ఆరోజు చర్చ. రెండు వారాలుగా అదే చర్చ.

"అక్కా, మీ దానికి మతి పోయింది," అంది పొట్టి. "టైమ్ కావాలంటోంది, టైమ్ ఇచ్చాను. కాదంటోంది. ఇదెక్కడి గొడవే బాబూ, గంట నుంచి కొట్టుకుంటున్నాను. ఇవాళే ఇచ్చెయ్యాలి ఇది."

కామాలక్కకి విషయం తెలిసిపోయింది. ఒళ్లు మండింది కూడా. చెల్లెలి మీద కాదు, లోపల రంగుల కాగితాలు పరుచుకుని కూర్చున్న మనిషి మీద. "ఓ, అదా. పాత జబ్బే. పేర్లు సరిగ్గా చూపించదు," అంది.

"మరి నేనేం చెయ్యను?"

లోపల్నుంచి మేనేజరు చెయ్యూపాడు, రండి రండి అన్నట్టు.

"మార్పిడి పెట్టెయ్. ఊరుకుంటుంది."

"బలవంతంగానా?"

"ఆఁ, ప్రస్తుతానికి పెట్టు. సాయంత్రం ఇంటికొచ్చాక చూద్దాం," అని ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వంటింటి కుళాయి ఊడిపోయి నేలంతా నీళ్లు. ఇద్దరూ చీపుళ్లు పట్టుకుని, చాపలు ఎత్తి, కింది అంతస్తువాళ్లకి సర్దిచెప్పి, ప్లంబరు వచ్చి వెళ్లేసరికి ఒళ్లు హూనమైపోయింది. టైమ్ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తరవాత ఇక రాలేదు.

అయిదు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. ఒక దర్జీ, నలభై అయిదేళ్ల ఆడమనిషి, కుట్టిన బట్టల మూట చంకన పెట్టుకుని బస్సు వెనక తలుపు దగ్గర దిగుతోంది. మూట జారింది. పట్టుకోబోయి కుడిచెయ్యి చాపింది. తలుపు మూసుకుంది. అడ్డు తగిలితే సెకనులో మూడో వంతు లోపల వెనక్కి పోవలసిన తలుపు మూడు సెకన్లు అలాగే నొక్కి ఉండిపోయింది. మూడు సెకన్లంటే వినడానికి కొంచెమే. చూపుడువేలూ మధ్యవేలూ నలిగిపోయాయి. ఆసుపత్రిలో తీసేశారు.

ఊళ్లో ఆ రకం తలుపులున్న బస్సులన్నీ ఆపేశారు. తలుపుల కంపెనీవాళ్లు రెండు రోజులు వెతికారు. మూడోరోజుకి దొరికింది. అడ్డు తగిలిందని చెప్పే సెన్సారు ముక్కలో టైమ్ అంటే సెకనులో వెయ్యోవంతు. తలుపుని నడిపే ముక్కలో టైమ్ అంటే సెకనులో నూరోవంతు. ఇక్కడి మూడువందలు అక్కడ మూడువందలుగానే పోయింది, పదింతలైపోయింది. వెనక తలుపు ప్రోగ్రాములో ఆ రెండిటి మధ్య ఒక బలవంతపు మార్పిడి ఉంది. దాని పక్కన రాసినవాళ్ల పేరు, తేదీ ఉన్నాయి. పరీక్షలు చేసినవాళ్లు ముందు తలుపుతో చేసి, వెనకది కూడా అంతే కదా అని చేతులు దులుపుకున్నారు. అయినా వాళ్ల పేర్లు ఎక్కడా పడలేదు. పడింది పొట్టి పేరే.

ఆరోజు కామాలక్క జ్వరం తగిలి ఇంట్లోనే ఉంది. మూడు గంటలకి తాళం తిరిగిన చప్పుడైంది. పొట్టి చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి, గట్టుకి ఆనుకుని నేలమీద కూర్చుంది.

"ఏమైందే?"

పొట్టి చెప్పింది. ఏడవకుండా, వరసగా, పరీక్షలో జవాబు అప్పజెప్పినట్టు చెప్పింది. కామాలక్క వింటూ ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"నువ్వే కదక్కా పెట్టమన్నావు," అంది పొట్టి చివర్న. కోపంగా కాదు. దెప్పుతున్నట్టూ కాదు. సరిచూసుకుంటున్నట్టు అంది. తనే ఏదైనా తప్పుగా గుర్తుపెట్టుకుందేమో అన్నట్టు.

కామాలక్కకి 'ప్రస్తుతానికి అన్నాను కదే' అనే మాట నాలిక చివరదాకా వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"సాయంత్రం చూద్దామన్నావు," అంది పొట్టి మళ్లీ. లేచి, మొహం కడుక్కుని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

రెండు రోజుల తరవాత మేనేజరు కామాలక్కని తన గదికి పిలిచాడు. కుర్చీ తనే లాగి వేశాడు. అంత మర్యాద చూసేసరికే ఆవిడకి అనుమానం వచ్చింది.

"అక్కగారూ, ప్రభుత్వం విచారణ వేసింది. మనల్నీ పిలుస్తారు. మనకేం భయం లేదనుకోండి, కంపైలర్ ఆపనే ఆపింది. వాళ్లే దాటారు."

"ఆపింది. ఎందుకు ఆపిందో చెప్పలేదు."

"అదే... మీ రిపోర్టు ఒకటుంది కదా, పాతది. దాన్ని కొంచెం సర్దండి."

"సర్దడమంటే?"

"మూసేయండి. అదే విషయం మీద కొత్తది తెరవండి, ఇవాళ్టి తేదీతో. మీ పద్నాలుగు లైన్లూ ఇవాళే పెట్టేద్దాం. విన్న వెంటనే స్పందించాం అని చెప్పుకోడానికి బాగుంటుంది. మీ పేరు కూడా వేద్దాం."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. సిగ్గుపడుతున్న జాడ ఏమీ లేదు. అందచందాల విషయం అన్నప్పుడు ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే నున్నగా ఉన్నాడు.

"పద్నాలుగు లైన్లూ పెడతాను సార్," అంది. "రిపోర్టు ముట్టుకోను."

బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. రిపోర్టునీ, గుర్తుచేసిన ఏడు మెయిళ్లనీ ప్రింటు కొట్టింది. పక్కనున్న ప్రింటరు పన్నెండు కాగితాలు కక్కుతుంటే చుట్టుపక్కల కుర్రాళ్లు తలలు తిప్పి చూసి, మళ్లీ తిప్పేసుకున్నారు. తరవాత తన పాత మార్పుని బయటికి తీసింది. మూడేళ్లలో చుట్టూ ఉన్నవి మారిపోయాయి కాబట్టి రెండుచోట్ల దిద్దాల్సొచ్చింది. పరీక్ష పెట్టింది. తెరమీద సందేశం వచ్చింది: "ఇక్కడ కావలసింది 'తలుపు' వారి టైమ్. మీరు ఇచ్చింది 'సెన్సారు' వారి టైమ్. పేరొకటే అయినా ఇవి వేరు." కామా లేదు, చుక్కలు ఉండాల్సిన చోట ఉన్నాయి. మూడేళ్లు వాయిదా పడ్డ పనికి రెండు గంటలు పట్టలేదు. ఆవిడ చాలాసేపు ఆ మూడు వాక్యాలనీ చూస్తూ కూర్చుంది. సంతోషం రాలేదు.

మర్నాడు కంపెనీ ప్రకటన వెళ్లింది. 'వాడేవాళ్ల భద్రతే మా ఊపిరి' అని మొదలైంది. కింద మేనేజరు సంతకం. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

విచారణ గది రెండో అంతస్తులో ఉంది. పొడవాటి బల్ల, దాని మీద గాజు పలక, గాజు కింద ఎప్పటివో ఫోన్ నంబర్లున్న పసుప్పచ్చని కాగితం. విచారణ చేసే అధికారి జుట్టు నెరిసిన పెద్దావిడ. ఎవరు చెప్పిందైనా తనే పెన్సిల్‌తో రాసుకునేది. పెన్సిల్ అరిగితే అందరూ ఆగి, ఆవిడ చెక్కుకునేదాకా చూడాల్సొచ్చేది. ఒక వైపు తలుపుల కంపెనీవాళ్లు, వాళ్లకి రెండు కుర్చీల దూరంలో పొట్టి. ఇంకో వైపు మేనేజరు, కామాలక్క. చివర్న దర్జీ. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో దాన్ని పట్టుకుని కూర్చుంది, పక్కవాళ్ల వస్తువుని జాగ్రత్తగా చూస్తున్నట్టు.

కామాలక్క వంతు వచ్చినప్పుడు పన్నెండు కాగితాలూ బల్లమీద పెట్టింది. మేనేజరు కిటికీ వైపు తిరిగాడు. అధికారి మొత్తం చదివింది. మూడో పేరా రెండుసార్లు చదివింది.

"అంటే ఇలా జరుగుతుందని మూడేళ్ల కిందటే మీకు తెలుసు."

"తెలుసండీ."

"ఎవరు ఆపారు?"

"'వాయిదా' అని రాసినవాళ్ల పేరు కాగితం మీదే ఉందండీ."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ప్రాధాన్యాలు, వనరులు, అప్పటి పరిస్థితులు అని పది నిమిషాలు నీళ్లు నమిలాడు. పెన్సిల్ అవన్నీ రాసుకుంది.

తరవాత అధికారి పొట్టి వైపు తిరిగింది. "ఆ సందేశం వచ్చినప్పుడు మీరు ఎవరినైనా అడిగారా అమ్మా? ఈ మార్పిడి సొంతంగా పెట్టారా, ఎవరైనా చెప్పారా?"

పొట్టి అక్క వైపు చూసింది.

ఇప్పుడు. ఇప్పుడు లేచి నేనే చెప్పానండీ అంటే అయిపోతుంది. పన్నెండు కాగితాలు పెట్టడానికి వచ్చిన ధైర్యం ఈ ఒక్క మాటకి ఎందుకు రాలేదో కామాలక్కకి తెలుసు. ఆ కాగితాల్లో ఆవిడ ఒప్పు, మిగతా అందరూ తప్పు. ఈ మాటలో అలా కాదు. ఈ మాట అంటే, ప్రమాదం జరుగుతుందని రాసిన చెయ్యే ఆ ప్రమాదానికి తలుపు తీసిందని తేలిపోతుంది. కాగితాలకి విలువ పోతుంది, మేనేజరు బతికిపోతాడు. అలా అని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకుంటూ కూర్చుంది.

"సొంతంగానే పెట్టానండీ," అంది పొట్టి.

పెన్సిల్ రాసుకుంది.

అంతా అయిపోతోందనగా దర్జీ, అడగొచ్చా అన్నట్టు చెయ్యెత్తింది. ఎడమది. "నాకు ఈ లెక్కలు తెలియవు. ఒక్కటే అడుగుతాను. ఆ రెండూ వేరని అది ముందే చెప్పుంటే, ఈ అమ్మాయి ఆగేదా?"

"ఆగేదాన్నండీ," అంది పొట్టి.

"మరి చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?"

అధికారి కాగితాలు సర్దుకుంది.

మెట్ల దగ్గర కామాలక్క చెల్లెల్ని అందుకుంది. "ఎందుకే అలా చెప్పావు?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను," అంది పొట్టి దిగుతూనే. "చాలాసేపే చూశానక్కా."

తీర్పు నెలన్నరకి వచ్చింది. పొట్టి ఉద్యోగం పోయింది. మనుషుల ప్రాణాలతో సంబంధమున్న ఏ యంత్రానికీ ఇక ఆమె ప్రోగ్రాము రాయకూడదని రాశారు. తలుపుల కంపెనీ దర్జీకి పరిహారం ఇచ్చింది. కంపైలర్ కంపెనీకి సలహాలిచ్చారు, మూడు సలహాలు. మేనేజరుకి ఆ ఏడాదే పెద్ద పదవి వచ్చింది, 'భద్రత' అనే మాట కూడా చేర్చి కొత్త పేరు పెట్టారు దానికి. కామాలక్కని ఏమీ అనలేదు. మాన్యువల్ చివర్న వచ్చే పదాల సూచిక తయారుచేసే విభాగానికి మార్చారు, అంతే. అక్కడ ఆవిడతోపాటు ఇంకో ఇద్దరున్నారు, ఇద్దరూ ఎప్పుడు రిటైరవుతామా అని చూస్తున్నవాళ్లు. సందేశాల పని ఎవరికీ ఇవ్వలేదు.

పొట్టి ఇల్లు మారిపోయింది. గొడవపడి కాదు. ఒక ఆదివారం పొద్దున రెండు సూటుకేసులు సర్దుకుని, గ్యాసు బండ ఎవరి పేరు మీదుందో, మిక్సీకి స్విచ్చి ఎలా నొక్కిపట్టాలో అన్నీ చెప్పి మరీ వెళ్లింది. ఊరి అవతలి వైపు ఒక కళ్లద్దాల దుకాణంలో పనికి కుదిరింది. వచ్చినవాళ్ల మొహానికి ఫ్రేము సరిపోయిందో లేదో చూసి, చెవి దగ్గర వంచి ఇవ్వడం ఆ పని.

రెండు నెలలు ఆగి కామాలక్క అక్కడికి వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళ, దుకాణంలో ఎవరూ లేరు. పొట్టి గుడ్డతో అద్దాలు తుడుస్తోంది. సన్నబడింది. అక్కని చూసి స్టూలు జరిపింది.

"విచారణవాళ్లకి ఉత్తరం రాద్దామనుకుంటున్నానే," అంది కామాలక్క. దారిపొడుగునా వల్లె వేసుకొచ్చిన మాటలు. "ఆరోజు ఫోన్‌లో నేనే పెట్టమన్నానని రాస్తాను. ఉన్నదున్నట్టు."

పొట్టి తుడవడం ఆపలేదు. "ఇప్పుడా?"

"ఇప్పుడైనా."

"ఇప్పుడు రాస్తే నా ఉద్యోగం వస్తుందా?"

"రాదనుకో..."

"ఆవిడ వేళ్లొస్తాయా?"

కామాలక్క తల అడ్డంగా ఊపింది.

"మరెవరికోసం? నీకు బరువు దిగుతుంది, అంతేగా," అంది పొట్టి. ఫ్రేము వెలుతురుకి ఎత్తి చూసింది, మరక పోలేదు, మళ్లీ తుడిచింది. "నువ్వు రాస్తే నన్ను మళ్లీ పిలుస్తారు. ముందు అబద్ధం ఎందుకు చెప్పావంటారు. నీ బరువు దింపడానికి నేను మళ్లీ వెళ్లి ఆ గాజుబల్ల ముందు కూర్చోవాలా అక్కా?"

"మరి నన్నేం చెయ్యమంటావే?"

పొట్టి మొదటిసారి ఆవిడ కళ్లలోకి చూసింది. "ఎప్పుడూ నువ్వే కదా చెప్పేదానివి, ఏం చెయ్యాలో. నాకెలా తెలుస్తుంది?"

తలుపు గంట మోగింది. ఎవరో తాతగారు విరిగిన కళ్లజోడు చేత్తో పట్టుకుని వచ్చారు. "రండి తాతగారూ, కూర్చోండి," అని పొట్టి లేచి వెళ్లింది. ఆమె గొంతులో ఎంత ఆప్యాయత ఉందంటే, కామాలక్కకి అక్కడ ఇంకో క్షణం ఉండడం కష్టమైంది.

వద్దన్న పనే చేసింది ఆవిడ. వారం రోజులు మథనపడి, చివరికి ఉత్తరం రాసి పంపింది. మంచే చేస్తున్నానో, వద్దన్నా వినకుండా మళ్లీ తన మాటే నెగ్గించుకుంటున్నానో ఆవిడకే తెలియలేదు.

మూడు వారాలకి జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. విచారణ ముగిసినది. మీ లేఖను ఫైలులో చేర్చడమైనది. ఎవరినీ పిలవలేదు, ఏదీ తిరగదోడలేదు. మేనేజరు చెవిన కూడా పడలేదు.

ఆ కాగితం పట్టుకుని చెల్లెలికి ఫోన్ చేసింది.

"రాశానే."

అటునుంచి దుకాణంలో ఎవరో ధర అడుగుతున్న చప్పుడు.

"ఏమన్నారు?" అంది పొట్టి.

"ఫైల్లో పెట్టారట."

"ఎవర్నీ పిలవరా?"

"పిలవరు."

పొట్టి గట్టిగా ఊపిరి వదిలింది. అది నిశ్చింతో, ఇంకేదో కామాలక్కకి అంతుపట్టలేదు. "వద్దన్నాను కదక్కా," అంది. "సరేలే, జనం ఉన్నారు," అని పెట్టేసింది.

కామాలక్క ఫోన్ బల్లమీద పెట్టి, సూచికలో ఆరోజు చేయాల్సిన పేజీలు ముందుకి లాక్కుంది.